నవ్వుల రాణి గిల్డా రాడ్నర్

నవ్వు నాలుగు విధముల చేటని పెద్దల సామెత. ఆడపిల్లల విషయమున ఆ సామెతను మరింత గట్టిగా చెప్పుట వాడుక. అయినను నవ్వించుటయే వృత్తిగా గైకొని, ఆ నవ్వుతోడనే దేశమంతటను కీర్తి గడించి, తుదకు తన ప్రాణాంతక వ్యాధిని గూర్చి నలుగురిలో మాటాడుటకు సైతము ఆ నవ్వునే సాధనముగా చేసికొనిన స్త్రీ ఒకతె ఇరువదవ శతాబ్దమున అమెరికాలో ఉండెను. ఆమె పేరు గిల్డా రాడ్నర్. ఆమె జీవించినది 42 ఏండ్లు మాత్రమే. ఆమె శరీరములో పెరుగుచున్న వ్యాధిని పది మాసముల పాటు ఎవరును గుర్తింపలేకపోయిరి. మీ కుటుంబములో ఈ వ్యాధితో ఎవరైన మరణించిరా యని ఒక్క ప్రశ్న అడిగియుండినచో ముందుగనే మేలుకొనుటకు అవకాశముండెడిది. ఆమె బ్రతికియుండగా ఎవరును అడుగని ఆ ప్రశ్నను, ఆమె మరణానంతరము వేలకొలది కుటుంబములలో అడిగించిన కృషికి ఆమె పేరే పెట్టబడినది.

గిల్డా సూసన్ రాడ్నర్ 1946 జూన్ 28వ తేదీన మిషిగన్ రాష్ట్రములోని డెట్రాయిట్ నగరమున ఒక యూదు కుటుంబములో జన్మించినది. తండ్రి హెర్మన్ రాడ్నర్ ఆ నగరములో సెవిల్ అను హోటలును నడిపెడివాడు. నాటకములాడువారు, పాటగాండ్రు, విదూషకులు డెట్రాయిటునకు వచ్చినపుడు ఆ హోటలులో బస చేయుచుండిరి. తండ్రికి నాటకములనిన ఎనలేని ప్రీతి. కూతురిని వెంటబెట్టుకొని న్యూయార్కునకు పోయి బ్రాడ్వే రంగస్థలముపై ఆడు నాటకములను చూపించెడివాడు. దీపములు ఆరి తెర లేచు క్షణమున కలుగు పులకరింత ఆమెకు బాల్యముననే అలవడినది.

చిన్ననాడు గిల్డా లావుగా ఉండెను. తోటిపిల్లలు ఎగతాళి చేసెడివారు. ఆమెను పెంచిన దాది యొకతె ఉండెను. ఆమెను ఇంటిల్లపాదియు డిబ్బీ అని పిలిచెడివారు. ఇతరులు పరిహసించుటకు ముందే నీవే నిన్ను గూర్చి ఒక హాస్యోక్తి విసరుమని ఆ వృద్ధురాలు పిల్లకు బోధించినది. ఎదుటివాడు నవ్వదలచుకొనిన విషయమును మనమే ముందుగ నవ్వివేసినచో వాని చేతిలోని రాయి జారిపోవును. గిల్డా నేర్చుకొనిన తొలి హాస్యపాఠమిదియే. పాఠశాలలో మొదలైన ఈ విద్య తరువాత ఆసుపత్రి మంచముపై గూడ ఆమెకు అక్కరకు వచ్చినది.

ఆమెకు పండ్రెండేండ్ల వయస్సున తండ్రికి మెదడులో కంతి పుట్టినది. వ్యాధి ఎంత హఠాత్తుగా వచ్చినదనగా, తన కళ్ళజోడు బిగుతైనదని ఆయన మొదట ఫిర్యాదు చేసినాడు. కొలది దినములలోనే మంచము పట్టి మాటాడు శక్తిని కోల్పోయినాడు. రెండేండ్లు అట్లే పడియుండి మరణించినాడు. తనను నాటకములకు తీసికొనిపోయిన తండ్రి తన పేరు పెట్టి పిలువలేని స్థితిలో ఉండుటను ఆ బాలిక దినదినము చూచినది. క్యాన్సరు అను మాట ఆమె జీవితములో ప్రవేశించినది అప్పుడు. ఇంటిలో దానిని గూర్చి మనసు విప్పి మాటాడుకొనుట ఆ కాలపు కుటుంబములలో ఆచారము కాదు.

1964లో ఆమె ఆన్ ఆర్బరులోని మిషిగన్ విశ్వవిద్యాలయమున చేరినది. చదువుకంటె నాటకములందే ఆసక్తి మెండు. పట్టము చేతికి రాకముందే చదువు చాలించి, తాను ప్రేమించిన ఒక శిల్పితో కెనడా దేశములోని టొరాంటో నగరమునకు వెడలిపోయినది. ఆ ప్రేమ నిలువలేదు గాని రంగస్థలము నిలిచినది. 1972లో అక్కడ గాడ్‌స్పెల్ అను సంగీత నాటకములో ఆమెకు వేషము దొరకినది. పిమ్మట సెకండ్ సిటీ అను హాస్యనాటక సమాజమున చేరినది. ఆ సమాజము వారికి వ్రాసిన నాటకముండదు. ప్రేక్షకులు చెప్పిన విషయమును బట్టి అప్పటికప్పుడు సంభాషణ అల్లవలెను. మన అవధానములలో పృచ్ఛకుడిచ్చిన సమస్యను పూరించుట వంటి విద్య యది. సమయస్ఫూర్తి, ఎదుటి నటుని మాట శ్రద్ధగా వినుట, భయపడకుండుట అను మూడును ఆమెకు అక్కడ అబ్బినవి.

1975 అక్టోబరు 11వ తేదీ రాత్రి న్యూయార్కు నుండి ఒక కొత్త టెలివిజన్ ప్రదర్శన మొదలైనది. తరువాత సాటర్డే నైట్ లైవ్ అను పేర ప్రసిద్ధమైన ప్రదర్శన యిదియే. ముందుగా చిత్రించి కత్తిరించి చూపుట గాక, శనివారము అర్ధరాత్రి వేళ ప్రత్యక్షముగా ప్రసారమగుట దాని విశేషము. దానికి ఎన్నుకొనబడిన నటవర్గములో మొట్టమొదటి వ్యక్తి గిల్డా. ఐదేండ్ల పాటు ఆమె ఆ ప్రదర్శనకు ప్రాణముగా ఉండెను. 1978లో టెలివిజన్ నటులకిచ్చు ఎమ్మీ బహుమానమును పొందినది.

ఆమె సృష్టించిన పాత్రలలో రెండు మిక్కిలి పేరుపొందినవి. ఒకటి ఎమిలీ లిటెల్లా అను వృద్ధురాలు. చెవులు సరిగా వినబడవు. టెలివిజన్‌లో హింస పెరిగినదని జనులు గోలపెట్టుచుండగా, ఆ మాటను వయొలిన్లని విని, పాపము వయొలిన్లేమి చేసినవని ఆవేశముతో ఉపన్యసించును. పొరపాటు తెలిసిన పిదప మృదువుగా మాట ఉపసంహరించుకొని వెడలిపోవును. ఈ పాత్రకు మూలము తనను పెంచిన డిబ్బీయే. రెండవది రోజాన్ రోజానడానా అను వార్తావ్యాఖ్యాత్రి. రేగిన జుట్టు, పెద్ద గొంతుక. ఏ విషయమును గూర్చి మాటాడ మొదలిడినను తుదకు చెమట, గోరు, తిండిలో వచ్చిన వెండ్రుక మొదలగు శారీరక విషయములకు దిగి, ప్రక్కనున్న మర్యాదస్థురాలగు వార్తాహరురాలి ముఖము మాడ్చును. సభలో మాటాడరాని శరీరధర్మములను సభలోనే మాటాడి నవ్వించుట ఈ పాత్ర చేసిన పని.

కీర్తికి చెల్లించిన మూల్యము తక్కువది కాదు. లావుగానున్న చిన్నతనపు భయము ఆమెను వదలలేదు. అధికముగా తినుట, తినినదానిని బలవంతముగా వాంతి చేసికొనుట అను వ్యసనమునకు లోనైనది. ఈ సంగతిని తరువాతి కాలమున ఆమెయే దాపరికము లేక చెప్పుకొనినది. 1979లో బ్రాడ్వే రంగస్థలముపై ఏకపాత్ర ప్రధానమగు ప్రదర్శన నిచ్చినది. 1980లో టెలివిజన్ ప్రదర్శన నుండి విరమించుకొనినది. అదే యేట ఒక సంగీతకారుని వివాహమాడినది గాని ఆ దాంపత్యము ఎక్కువ కాలము సాగలేదు.

1981లో ఒక చలనచిత్ర నిర్మాణ సందర్భమున ప్రఖ్యాత హాస్యనటుడు జీన్ వైల్డరుతో పరిచయమైనది. 1984 సెప్టెంబరులో దక్షిణ ఫ్రాన్సులో వారి వివాహము జరిగినది. స్పార్కిల్ అను చిన్న కుక్కపిల్ల ఆ యింటికి మూడవ ప్రాణి. గిల్డాకు సంతానముపై అమితమైన కోరిక. వైద్యుల సాయము పొందినది, ఎన్నో పరీక్షలకు ఓర్చుకొనినది. ఆ కోరిక మాత్రము తీరలేదు.

1986 జనవరి తొలి దినములలో ఒక ఆదివారము భర్తతో కలసి కారులో పోవుచుండగా ఆమెకు హఠాత్తుగా పొగమంచు క్రమ్మినట్లు నిస్సత్తువ ఆవరించినది. కన్నులు మూతలు పడినవి. అదియే ఆరంభము. తరువాత తొడలలో తీరని నొప్పి, పొత్తికడుపులో పోటు, కడుపు ఉబ్బరము, జీర్ణశక్తి తగ్గుట, స్వల్పజ్వరము ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ఒకనాడు తగ్గును, మరునాడు తిరుగబెట్టును. అవి వచ్చి పోవుచుండుటయే మోసమైనది.

అండాశయములు స్త్రీ పొత్తికడుపు లోపల గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదము గింజ ప్రమాణమున ఉండును. వానిలో పుట్టిన కంతి చేతికి తగులదు, కంటికి కనబడదు. చుట్టునున్న ఖాళీలో అది స్వేచ్ఛగా పెరిగి ప్రేవులను, మూత్రాశయమును ఒత్తును. దాని కణములు రాలి ఉదరమంతటను వ్యాపించును. కాబట్టి రోగికి తెలియు లక్షణములు అజీర్ణము, ఉబ్బరము, కొంచెము తినగనే కడుపు నిండినట్లుండుట, మాటిమాటికి మూత్రమునకు పోవలసి వచ్చుట వంటివి. ఇవి ఏ స్త్రీకైనను ఎప్పుడో ఒకప్పుడు కలుగునవే. చాలకాలము వైద్యగ్రంథములు సైతము ఈ వ్యాధి నిశ్శబ్దముగా వచ్చునని చెప్పుచుండెడివి.

గిల్డా ఒక వైద్యుని తరువాత ఒక వైద్యుని దర్శించినది. రక్తపరీక్షలు జరిగినవి. ఒకరు వైరస్ వలన కలిగిన దీర్ఘకాలపు అలసట అనిరి. ఒకరు ఉదరవ్యాధి అనిరి. మరికొందరు మనోవ్యాకులత అనిరి. ఆమె ఆందోళన స్వభావము కలది, సంతానము కలుగలేదను దిగులున్నది, వృత్తిచే హాస్యనటి. చిన్న బాధను పెద్దది చేసి చెప్పుచున్నదేమో యను అనుమానమునకు ఇవన్నియు తోడైనవి. విచారకరమైన సంగతి యేమనగా, కొంతకాలమునకు ఆమెయే తన మాటను శంకింపసాగినది. తన శరీరము చెప్పుచున్నదానిని నమ్మవలెనా, పరీక్షాపత్రములపై ఉన్నదానిని నమ్మవలెనా యని తికమకపడినది. నొప్పి నివారణ మాత్రలు మ్రింగుచు పది మాసములు గడపినది.

ఈ పది మాసములలో ఎవరును ఆమె వంశవృత్తాంతమును లోతుగ అడుగలేదు. అడిగియుండినచో భయంకరమైన సంగతి బయటపడెడిది. ఆమె దగ్గరి బంధువులలో అవ్వల తరమున ఒకరు, తల్లి తరమున ఒకరు, తన తరమున ఒకరు అండాశయ క్యాన్సరుతోనే మరణించియుండిరి. మూడు తరములలో ముగ్గురు స్త్రీలు. అయినను ఇండ్లలో ఆడవారి కడుపులోని జబ్బులను గూర్చి గుసగుసలుగానే చెప్పుకొందురు. ఎవరు దేనితో పోయినది తరువాతివారికి సరిగా అందదు. ఈ దాపరికము ఏ ఒక్క దేశమునకో పరిమితమైనది కాదు.

1986 అక్టోబరు 21వ తేదీన సత్యము వెల్లడియైనది. అండాశయ క్యాన్సరు, అప్పటికే బాగుగా ముదిరి వ్యాపించినది. ఆ మాట విని ఆమె ఏడ్చినది. ఆ మరుక్షణమే భర్త వైపు తిరిగి, ఇప్పటికైనను తన మాటను నమ్మినవారున్నారు, అదియే పదివేలు అను భావము వచ్చునట్లు పలికినది. క్యాన్సరని తెలిసిన స్త్రీకి ఊరట కలుగుట వింతగా తోచవచ్చును. పది నెలలు తన బాధకు సాక్ష్యము లేక తిరుగాడిన మనిషికి ఆ ఊరట సహజమే. లాస్ ఏంజిలీసులోని సీడార్స్-సైనాయ్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసి పెద్ద కంతిని, దానితో పాటు గర్భాశయమును, అండాశయములను తీసివేసిరి. తల్లి కావలెనను ఆశ ఆ దినముతో సమసిపోయినది.

తరువాత కీమోథెరపీ అను తీవ్రమైన ఔషధ చికిత్స తొమ్మిది మారులు జరిగినది. జుట్టు రాలిపోయినది. తలకు రుమాలు కట్టుకొని తిరుగసాగినది. ఆ పిమ్మట కిరణచికిత్స. ఇంతలో ఒక పత్రిక ఆమె చావుబ్రతుకుల మధ్య ఉన్నదని వార్త ప్రకటించినది. పరామర్శలు, కన్నీళ్ళు మొదలైనవి. తాను బ్రతికియుండగనే లోకము తనను గూర్చి మృతురాలిని గూర్చినట్లు మాటాడుట చూచి ఆమె కుమిలిపోయినది. దాగియున్నచో వదంతులు పెరుగును. బయటకు వచ్చి తన కథను తానే చెప్పవలెనను సంకల్పమునకు ఇట్లు బీజము పడినది.

అందులకు ఆమెకు తోడ్పడినది శాంటా మోనికాలోని వెల్‌నెస్ కమ్యూనిటీ అను సంస్థ. హెరాల్డ్ బెంజమిన్ అను న్యాయవాది 1982లో దానిని స్థాపించెను. క్యాన్సరు రోగులు రుసుము లేకుండ అక్కడ గుమిగూడి, తమ భయములను, అనుభవములను ఒకరితో ఒకరు చెప్పుకొందురు. రోగి వైద్యునికి ఎదురుతిరుగ నక్కరలేదు. కాని చేతులు కట్టుకొని కూర్చుండనూ కూడదు, తన చికిత్సలో తానును పాలుపంచుకొనవలెనని ఆ సంస్థ ఆశయము. మొదట గిల్డా సందేహించినది. ఒకమారు పోయిన పిదప విడువలేదు. అక్కడ ఆమె ప్రసిద్ధ నటి కాదు, రుమాలు కట్టుకొనిన పదిమందిలో ఒకతె. చికిత్స ముగించుకొనినవారు కొత్తగా వచ్చినవారికి ధైర్యము చెప్పుట అక్కడి పద్ధతి. గిల్డా లేచి తన మొదటి కీమోథెరపీని గూర్చి చెప్పుచుండగా, ఆ దినమే వ్యాధి పేరు విన్నవారు సైతము నవ్విరి. తన నవ్వు ఇంకను పనికివచ్చునని ఆమెకు తెలిసినది అక్కడనే.

అమెరికాలో అంతకు ముందు స్తన క్యాన్సరును గూర్చి బాహాటముగా మాటాడినవారు లేకపోలేదు. 1974లో ఆ దేశాధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ తనకు జరిగిన శస్త్రచికిత్సను దాచక చెప్పుటతో వేలమంది స్త్రీలు పరీక్షలు చేయించుకొనిరి. అండాశయమును గూర్చి మాత్రము అట్టి మాట ఇంకను రాలేదు. 1988 మార్చిలో లైఫ్ పత్రిక ముఖచిత్రముగా, చిగిర్చిన పొట్టి జుట్టుతో, చిరునవ్వుతో గిల్డా ప్రత్యక్షమైనది. అదే యేట ఒక టెలివిజన్ హాస్యప్రదర్శనలో అతిథిగా వచ్చినది. చాలకాలముగా కనబడలేదేమని అడుగగా, తనకు క్యాన్సరు వచ్చినదని జలుబును గూర్చి చెప్పినంత తేలికగా చెప్పి, మరి నీకేమి వచ్చినదని ఎదురడిగినది. ప్రేక్షకులు క్షణకాలము నిశ్చేష్టులై, పిదప గొల్లున నవ్విరి. డిబ్బీ నేర్పిన పాఠము ముప్పది యేండ్ల తరువాత మరల ఫలించినది.

వ్యాధి తిరుగబెట్టినది. రక్తపరీక్షలు కీడును సూచించినవి. ఆమె అప్పటికే తన అనుభవములను గ్రంథముగా వ్రాయుచుండెను. క్యాన్సరు నయమై సుఖాంతముగా ముగియు కథ వ్రాయవలెనని ఆమె కోరిక. అట్లు ముగియదని తెలిసిన పిదప గూడ కలము విడువలేదు. అంతము తెలియకయే జీవింపవలెనను సత్యముతోనే పుస్తకమును ముగించినది. 1989లో వెలువడిన ఆ గ్రంథము పేరు ఇట్స్ ఆల్వేస్ సంథింగ్. ఎప్పుడును ఏదో ఒక తంటా యుండనే యుండునని ఆమె రోజాన్ పాత్ర ముగింపులో చెప్పు మాటయే ఆ పేరు. వాంతులు, రాలిన జుట్టు, భర్తతో కలహములు, అసూయ, భయము అన్నియు అందులో ఉన్నవి. తనను తాను ధీరురాలినిగా చిత్రించుకొనలేదు.

ఆ గ్రంథమున డిబ్బీ చెప్పిన ఒక కథ ఉన్నది. నిండు చూలుతోనున్న ఒక కుక్క గడ్డికోత యంత్రము క్రింద పడి వెనుక కాళ్ళు రెండును పోగొట్టుకొనినది. పశువైద్యుడు గాయములు కుట్టి బ్రతికించినాడు. అది ముందు కాళ్ళతో రెండడుగులు వేసి, వెనుకభాగమును ఎగురవేసి ఈడ్చుకొనుచు నడువ నేర్చినది. ఆరు పిల్లలను ఈనినది. పిల్లలన్నియు పూర్ణారోగ్యముతో పుట్టినవి. నడక నేర్చునప్పుడు మాత్రము ఆరును తల్లి నడచినట్లే వెనుకభాగమును ఈడ్చుకొని నడచినవట. వంశములో దిగివచ్చునవి రెండు విధములు. కొన్ని రక్తములో వచ్చును. కొన్ని చూచి నేర్చుకొనుట వలన వచ్చును. భయము, మౌనము, ధైర్యము రెండవ తెగకు చెందినవి. సంతానము లేని గిల్డా తన పుస్తకమున ఈ కథను ఏరి చేర్చుకొనుటలో అర్థమున్నది.

1989 మే 17వ తేదీన ఒక పరీక్ష నిమిత్తము ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోయిరి. మత్తుమందిచ్చిరి. ఆమె మరల మేలుకొనలేదు. మే 20, శనివారము ఉదయమున భర్త ప్రక్కనుండగా కన్నుమూసినది. ఆ రాత్రియే న్యూయార్కులో ఆమె పూర్వపు ప్రదర్శన జరుగవలసియుండెను. నాటి అతిథియగు స్టీవ్ మార్టిన్ తాను చెప్పదలచిన హాస్యప్రసంగమును మానుకొని, 1978లో తామిద్దరును కలసి చేసిన నృత్యమును చూపించి, గొంతు గద్గదికము కాగా మాటాడలేకపోయెను. మరుసటి యేట ఆమె స్వయముగా చదివి ధ్వనిముద్రణ చేసిన ఆ గ్రంథమునకు గ్రామీ బహుమానము లభించినది.

జీన్ వైల్డర్ దుఃఖము క్రమముగా ప్రశ్నగా మారినది. గిల్డా ఏల మరణించినది? న్యూయార్కు రాష్ట్రములోని బఫెలో నగరమున రాజ్వెల్ పార్క్ క్యాన్సరు సంస్థలో స్టీవెన్ పైవర్ అను వైద్యుడు 1981 నుండి ఒక పట్టికను వ్రాయించుచుండెను. ఏ కుటుంబములలో ఇద్దరు ముగ్గురు స్త్రీలకు ఈ వ్యాధి వచ్చినదో ఆ కుటుంబముల వివరములను సేకరించుట దాని పని. వైల్డర్ ఆయనతో చేతులు కలిపెను. 1990లో ఆ పట్టికకు గిల్డా రాడ్నర్ పేరు పెట్టిరి. వైల్డర్ పత్రికలలోను టెలివిజన్‌లోను విజ్ఞప్తి చేయుటతో అంతవరకు నోరు విప్పని కుటుంబములు తమ కథలను వ్రాసి పంపసాగినవి. 1991లో అమెరికా శాసనసభా ఉపసంఘము ఎదుట నిలిచి, తన భార్య విషయమున జరిగిన ఆలస్యమును, అడుగబడని ప్రశ్నను ఆయన వివరించెను. సి.ఎ. 125 అను రక్తపరీక్షను గూర్చి ప్రజలకు తెలియవలెనని కోరెను.

క్యాన్సరు తనకు ఒక విశిష్ట సంఘములో సభ్యత్వమిచ్చినదని, ఆ సంఘములో చేరకుండుటయే తనకు ఇష్టమని గిల్డా పరిహాసముగా చెప్పెడిది. ఆ మాటను బట్టియే 1995లో న్యూయార్కులో గిల్డాస్ క్లబ్ అను కేంద్రము వెలసినది. వెల్‌నెస్ కమ్యూనిటీలో గిల్డాకు తోడుగానున్న జోఅనా బుల్ అను ఆమె వైల్డర్ మొదలగువారి సాయముతో దానిని నెలకొల్పినది. ఎర్రరంగు తలుపు దాని గుర్తు. రోగులును వారి పిల్లలును ఉచితముగా అక్కడకు వచ్చి కూర్చుండి మాటాడుకొందురు. ఇతర నగరములలో శాఖలు ఏర్పడినవి. 2009లో ఈ సంస్థయు, గిల్డాకు ధైర్యమిచ్చిన వెల్‌నెస్ కమ్యూనిటీయు ఏకమైనవి. 2012లో ఒక శాఖవారు నేటి యువకులకు గిల్డా ఎవరో తెలియదని పేరు మార్చగా, దేశమంతట నుండి నిరసన లేఖలు వచ్చినవి.

విజ్ఞానశాస్త్రము ఆమె కథకు తరువాతి అధ్యాయములను చేర్చినది. 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ అను శాస్త్రజ్ఞురాలు స్తన క్యాన్సరు కొన్ని వంశములలో దిగివచ్చుటకు కారణమగు జన్యువు పదునేడవ క్రోమోజోముపై ఉన్నదని నిరూపించినది. 1994లో ఆ జన్యువు చిక్కినది. దాని పేరు బి.ఆర్.సి.ఎ. 1. అందు దోషమున్నచో అండాశయ క్యాన్సరు గూడ వచ్చును. సామాన్య స్త్రీలలో జీవితకాలమున నూటికి ఒకరికో, కొంచెము ఎక్కువమందికో వచ్చు ఈ వ్యాధి, ఆ దోషము గలవారిలో నూటికి 40 మందికి వచ్చునని అంచనా. అట్టివారు సంతానము పొందిన పిమ్మట అండాశయములను, అండనాళములను ముందుగనే తీయించుకొని ప్రమాదమును చాలవరకు తప్పించుకొనవచ్చును. గిల్డా మరణించునాటికి ఈ జ్ఞానము లేదు. అయినను వంశములను గూర్చి పట్టికలు వ్రాసినవారి శ్రమయే ఇట్టి జ్ఞానమునకు పునాది.

వైల్డర్ ఆశపెట్టుకొనిన రక్తపరీక్ష విషయమున ఫలితము వేరుగా నున్నది. బ్రిటనులో రెండు లక్షలకు మించిన స్త్రీలపై జరిగిన గొప్ప పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. ఏ లక్షణములును లేని సామాన్య స్త్రీలందరకు యేటేట ఆ పరీక్ష చేసినను మరణములు తగ్గలేదని తేలినది. వ్యాధి వ్యాపింపకముందే కనుగొనినచో ఐదేండ్లు జీవించువారు నూటికి 90 మందికి పైగా నున్నారు. కాని అందరకు పనికివచ్చు ముందస్తు పరీక్ష ఇంతవరకు దొరకలేదు. అందుచేత రోగి నోటి మాటకు విలువ మరింత హెచ్చినది.

ఆ విలువను నిరూపించినవారును రోగులే. ఈ వ్యాధిగ్రస్తుల కొరకు ఒక చిన్న పత్రికను నడుపుచుండిన ఒక రోగి తోడ్పాటుతో వైద్యులు 1,725 మంది స్త్రీలను ప్రశ్నించిరి. 2000లో ప్రకటింపబడిన ఆ పరిశీలనలో, వ్యాధి నిర్ధారణకు ముందే తమకు లక్షణములు కనబడినవని నూటికి 95 మంది చెప్పిరి. వ్యాధి నిశ్శబ్దముగా రాలేదు. వారు చెప్పినది వినబడలేదు. 2007లో అమెరికాలోని క్యాన్సరు సంస్థలు కలసి ఉబ్బరము, పొత్తికడుపు నొప్పి, త్వరగా కడుపు నిండుట, మూత్రపు తొందర అను నాలుగింటిని లక్షణములుగా అంగీకరించి ప్రకటించినవి. ఇవి కొత్తగా వచ్చి, దినదినము వేధించుచు, కొన్ని వారములు తగ్గకున్నచో వైద్యుని దర్శింపవలెనని హెచ్చరించినవి. గిల్డా 1986లో ఒక్కొక్క వైద్యునికి చెప్పుకొనిన బాధలు ఇంచుమించు ఇవియే.

జీన్ వైల్డర్ 2016లో మరణించెను. ఎమిలీ లిటెల్లా పొరపాట్లను చూచి నవ్విన తరము వృద్ధాప్యమున పడినది. ఎర్రతలుపు కేంద్రములలోనికి నేడు అడుగిడు రోగులలో చాలమంది గిల్డా నటనను చూచియెరుగరు. అయినను, కడుపు ఉబ్బరమని చెప్పుకొనిన స్త్రీని చూచి ఒక వైద్యుడు కలము ప్రక్కన బెట్టి, మీ అమ్మకు గాని, అమ్మమ్మకు గాని, నాయనమ్మకు గాని, మేనత్తకు గాని ఇట్టి వ్యాధి వచ్చినదా యని అడుగును. ఆ స్త్రీ ఇంటికి పోయి పెద్దలను అడిగి తెలిసికొనును. గిల్డా రాడ్నరును ఎవరును అడుగని ప్రశ్న అదియే.